హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు దాని గతాన్ని పరిశీలించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు గతం అంటే ఏమేం తెలుసుకోవాలి?

ఆ కారు ఎవరెవరి చేతులు మారింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎక్కడైనా గుద్దుకుందా, నీటిలో మునిగిందా, దాని మీద అప్పు గాని చలాన్లు గాని పోలీసు కేసు గాని ఉన్నాయా, అద్దెకు తిరిగిందా అన్నవి ముఖ్యమైనవి. వీటన్నిటికీ ఒక్కచోట జవాబు చెప్పే రికార్డు మన దేశంలో లేదు. రిజిస్ట్రేషన్ వివరాలు రవాణా శాఖ దగ్గర, క్లెయిముల వివరాలు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర, కిలోమీటర్లు సర్వీస్ సెంటర్ దగ్గర, చలాన్లు పోలీసుల దగ్గర, టోల్ గేట్లు దాటిన వివరాలు ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు దగ్గర ఉంటాయి. ఎవరి అవసరం కోసం వారు రాసుకున్న రికార్డులివి. అందుకే ఏ ఒక్క కాగితాన్నీ విడిగా చూసి నమ్మడం గాని, విడిగా చూసి అనుమానించడం గాని సరికాదు. అన్నిటిలోని తేదీలనూ, కిలోమీటర్లనూ, పేర్లనూ ఒకే తెల్లకాగితం మీద కాలక్రమంలో రాసుకుంటే, ఎక్కడ పొసగడం లేదో అక్కడ అడగవలసిన ప్రశ్న దానంతట అదే బయటపడుతుంది. కింది జవాబులన్నీ ఆ కాగితాన్ని నింపడానికి ఉపయోగపడేవే.

ఈ పరిశీలన ఎప్పుడు చేయాలి?

టోకెన్ అడ్వాన్స్ ఇవ్వక ముందే చేయాలి. ఐదువేలో పదివేలో చేతులు మారిన తర్వాత, అది పోతుందేమోనన్న భయంతో కనిపించిన లోపాలను కూడా మనసు చిన్నవి చేసుకుంటుంది. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు" అని తొందరపెట్టేవారి దగ్గర మరింత నిదానంగా ఉండడమే మంచిది.

అమ్మేవారిని మొదట ఏ కాగితాలు అడగాలి?

ఆర్‌సీ, ఇప్పటి ఇన్సూరెన్స్ పాలసీతోపాటు వీలైతే అంతకు ముందు రెండేళ్ల పాలసీలు, పొల్యూషన్ సర్టిఫికెట్, సర్వీస్ బిల్లులు, లోన్ ఉండి తీరిపోయి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), కొన్నప్పటి ఇన్వాయిస్, రెండు తాళాలు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌ను కూడా అడగాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకో మీటరు గురించిన జవాబులో వివరించాను.

ఆర్‌సీ జిరాక్స్ కాపీని గాని, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను గాని ఆధారంగా తీసుకోవద్దు. అసలు కార్డును చూడండి. లేదంటే యజమానే మీ ఎదుట తన ఫోన్లో డిజిలాకర్ తెరిచి ఆర్‌సీ చూపించమని అడగండి. అందులో కనిపించే పేరు, ఎదురుగా ఉన్న వ్యక్తి ఆధార్ కార్డులోని పేరు ఒకటే కావాలి.

నంబర్ ప్లేటు చూస్తే ఏమైనా తెలుస్తుందా?

మన దగ్గర కొంత తెలుస్తుంది. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త బండ్లకు టీఎస్ నంబర్లు, 2024 మార్చి నుంచి టీజీ నంబర్లు వస్తున్నాయి. ఏపీ 09 లాంటి పాత హైదరాబాద్ నంబరు ఉన్న కారు రాష్ట్ర విభజనకు ముందుదన్నమాట. దాని మొదటి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటితో ముగుస్తుందో, ముగిసి ఉంటే రెన్యూవల్ అయిందో లేదో ఆర్‌సీలో చూడాలి. ఏపీ 39 అని ఉంటే అది 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఇచ్చిన సిరీస్, కాబట్టి బండి అక్కడి నుంచి వచ్చిందని అర్థం.

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన కార్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి. ప్లేటు మీద అశోక చక్రం హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటాయి. ముందు అద్దం లోపలి వైపు ఒక స్టిక్కర్ ఉంటుంది. పెట్రోలు బండికి అది లేత నీలం రంగులో, డీజిలు బండికి నారింజ రంగులో ఉండాలి. స్టిక్కర్ లేకపోతే ముందు అద్దం ఎప్పుడైనా మార్చారేమో అడగండి. అద్దం పగలడం నేరమేమీ కాదు గాని, ఎలా పగిలిందన్నది తెలియాలి.

రవాణా శాఖ రికార్డును ఎలా చూడాలి?

కేంద్ర ప్రభుత్వ వాహన్ పోర్టల్, ఎంపరివాహన్ యాప్ ఉన్నాయి. తెలంగాణ రవాణా శాఖకు సొంత వెబ్‌సైట్ ఉంది. తెలంగాణ చాలా ఏళ్లపాటు తన బండ్ల వివరాలను వాహన్‌లో కలపకుండా సొంత డేటాబేస్‌లోనే నిర్వహించింది. అందువల్ల ఇక్కడి కారు వివరాలు ఒకచోట అసంపూర్ణంగా కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. రెండుచోట్లా చూసి పోల్చుకోవాలి.

తెర మీద కనిపించిన వాటిలో రిజిస్ట్రేషన్ తేదీ, తయారైన నెల, సంవత్సరం, ఇంధనం, చాసిస్ నంబరు చివరి అంకెలు, ఎన్నో యజమాని, ఫైనాన్సర్ పేరు, ఇన్సూరెన్స్ గడువు, బ్లాక్‌లిస్టులో ఉందా లేదా అన్నవి రాసుకోండి. తయారైన తేదీకీ రిజిస్ట్రేషన్ తేదీకీ మధ్య ఎనిమిది, పది నెలల తేడా ఉంటే బండి చాలాకాలం స్టాకులో నిలిచి ఉండవచ్చు. బేరం ఆడేటప్పుడు మోడల్ ఇయర్‌ను తయారైన తేదీ నుంచే లెక్కించాలి. యజమాని పేరు పూర్తిగా కనిపించదు, కొన్ని అక్షరాలు మాత్రమే చూపిస్తారు. ఆ అక్షరాలైనా ఆర్‌సీలోని పేరుతో సరిపోవాలి. "సింగిల్ ఓనర్" అని ప్రకటనలో రాసి రికార్డులో మూడో యజమాని అని ఉంటే, ఆ అమ్మకందారు చెప్పే తక్కిన మాటలను కూడా ఆ లెక్కలోనే వినాలి.

ఒక జాగ్రత్త: చలాన్ యాప్ అనీ, పరివాహన్ యాప్ అనీ వాట్సాప్‌లో ఫైళ్లు పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. యాప్‌ను ప్లేస్టోర్, యాప్‌స్టోర్ నుంచి తప్ప మరెక్కడి నుంచీ వేసుకోవద్దు.

కారు మీద లోన్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆర్‌సీలో హైపోథికేషన్ (అప్పుకు బండిని తాకట్టు పెట్టిన నమోదు) అన్నచోట బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరినా తీరకపోయినా చట్టరీత్యా ఆ బ్యాంకు హక్కు ఇంకా రికార్డులో ఉన్నట్టే. అప్పు తీరాక బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో ఆ పేరును తొలగించుకోవాలి. చాలామంది ఈఎంఐలు అయిపోగానే ఆ పని మరచిపోతారు. అది మోసం కాదు, అశ్రద్ధ. అయినా ఆ తొలగింపు అమ్మేవారి ఖర్చుతో, మీరు పూర్తి డబ్బు ఇవ్వక ముందే జరగాలి.

అప్పు ఇంకా మిగిలి ఉంటే, మిగిలిన మొత్తం ఎంతో తెలిపే ఫోర్‌క్లోజర్ లెటర్‌ను బ్యాంకు నుంచి తెప్పించి, ఆ మొత్తాన్ని నేరుగా లోన్ ఖాతాకే కట్టండి. "నాకివ్వండి, నేను కట్టేస్తాను" అంటే ఒప్పుకోవద్దు.

చలాన్ల సంగతి ఏమిటి?

తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరుతో చూడవచ్చు. మొత్తం ఎంతో చూసి ఊరుకోకుండా ఒక్కొక్క చలానునూ తెరిచి తేదీ, చోటు, కారణం చదవండి. కెమెరా తీసిన ఫొటో ఉంటే అదీ చూడండి. ఒకే కారుకు శంషాబాద్ వైపు ఓవర్‌స్పీడ్ చలాన్లు వరసగా పడి ఉంటే, ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొట్టిన బండి కావచ్చునన్న ఆలోచన రావాలి. ఫొటోలో రంగు వేరుగా ఉన్నా, బంపర్ ఊడిపోయి ఉన్నా ఆ తేదీని కాగితం మీదకు ఎక్కించండి.

2022 మార్చిలోనూ, 2023 డిసెంబర్ చివరిలోనూ పెండింగ్ చలాన్లకు రాష్ట్రంలో భారీ రాయితీలు ఇచ్చారు. అది గుర్తున్న వారు "మళ్లీ డిస్కౌంట్ వస్తుంది, అప్పుడు కట్టుకోవచ్చు" అంటారు. రాని రాయితీని నమ్మి ఇతరుల చలాన్లను నెత్తిన వేసుకోవద్దు. వాటిని కట్టించి రసీదు తీసుకోండి, లేదా ఆ మొత్తాన్ని ధరలో తగ్గించి మీరే కట్టండి.

ఇన్సూరెన్స్ పాలసీలో యాక్సిడెంట్ జాడ కనిపిస్తుందా?

చాలాసార్లు కనిపిస్తుంది, గాని చదవడం తెలియాలి. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అనే శాతం ఉంటుంది. సొంత డ్యామేజీకి క్లెయిము చేయని ప్రతి ఏటికీ అది 20, 25, 35, 45, 50 అనే మెట్లలో పెరుగుతుంది. క్లెయిము చేసిన మరుసటి రెన్యూవల్‌లో సున్నాకు పడిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2020 జూన్‌లో కొని, అప్పటినుంచీ ఒకే యజమాని దగ్గర ఉన్న కారు అనుకోండి. ఒక్క క్లెయిమూ లేకపోతే 2025 జూన్‌లో మొదలైన పాలసీలో 50 శాతం ఉండాలి. అక్కడ 20 శాతమే ఉందంటే, అంతకు ముందు ఏడాది మాత్రమే క్లెయిము లేకుండా గడిచిందని, 2023 జూన్‌కూ 2024 జూన్‌కూ మధ్య ఒక క్లెయిము జరిగి ఉండవచ్చని అర్థం. ఇప్పుడు ఆ సంవత్సరపు సర్వీస్ బిల్లులు అడగండి. సరిగ్గా ఆ ఏటి బిల్లులే కనపడకపోతే మీ ప్రశ్నకు సగం జవాబు వచ్చినట్టే.

బోనస్ తక్కువగా ఉన్న ప్రతి కారూ గుద్దుకున్నదే అనుకోవడం మాత్రం అన్యాయం. ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. యజమాని మారితే కొత్తవారు సున్నా నుంచి మొదలుపెడతారు. పాలసీ ముగిసి 90 రోజులు దాటినా అది పోతుంది. యజమాని దాన్ని తన కొత్త కారుకు బదిలీ చేసుకొని ఉండవచ్చు. మరోవైపు, బోనస్‌ను కాపాడే అదనపు కవరు తీసుకుంటే క్లెయిము జరిగినా శాతం తగ్గదు. క్లెయిము లేకుండా బయటి గ్యారేజీలో నగదు ఇచ్చి డెంటింగ్, పెయింటింగ్ చేయించిన దెబ్బ పాలసీలో ఎన్నటికీ కనిపించదు. అన్నిటికంటే నేరుగా తెలుసుకునే దారి ఏమిటంటే, యజమాని చేతనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ గాని మెయిల్ గాని చేయించి, ఆ పాలసీల మీద జరిగిన క్లెయిముల వివరాలు తెప్పించుకోవడం. దాచవలసినది లేని యజమాని దీనికి అభ్యంతరం చెప్పరు.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) తప్పనిసరి అయింది. కాబట్టి "ఇన్సూరెన్స్ ఉంది" అన్నప్పుడు అది థర్డ్ పార్టీ మాత్రమేనా, సొంత డ్యామేజీ కూడా ఉందా అని తప్పక చూడండి.

మీటరు వెనక్కి తిప్పారేమో ఎలా పట్టుకోవాలి?

డిజిటల్ మీటరు తిప్పడం కష్టమని చాలామంది నమ్ముతారు. నిజానికి చిన్న పరికరంతో కొద్ది నిమిషాల్లో అయిపోయే పని అది. మీటరును మార్చగలరు గాని, ఆ కారు గురించి వేర్వేరు చోట్ల నమోదైన అంకెలన్నిటినీ మార్చడం వారి తరం కాదు.

మొదటిది కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు. ప్రతి సర్వీసుకూ తేదీ, కిలోమీటర్లు ఎక్కుతాయి. ఒక సెంటర్‌లో చేసిన సర్వీసు సాధారణంగా అదే కంపెనీ ఇతర సెంటర్లలోనూ కనిపిస్తుంది. చాలాచోట్ల యజమానికి తప్ప వివరాలు ఇవ్వరు కాబట్టి ఆయనతో కలిసి వెళ్లండి. 2021 ఆగస్టులో 31,400, 2023 జనవరిలో 58,200 అని అక్కడ ఉండి, మీ ఎదుట ఉన్న మీటరు 46,000 చూపిస్తుంటే ఇక వాదనకు చోటు లేదు. అంతకంటే తెలివైన మోసంలో సర్వీసు రికార్డు 2022 దగ్గర ఆగిపోతుంది. "తర్వాత మా ఇంటి దగ్గర మెకానిక్ దగ్గరే చేయించాం" అంటారు. నిజమూ కావచ్చు. అప్పుడు మిగతా ఆధారాలు చూడాలి.

ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అలాంటి ఆధారం. "సిటీలోనే తిప్పాం, ఆదివారాలు మాత్రమే బయటికి తీశాం" అన్న కారు ప్రతి శుక్రవారం రాత్రి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు దాటి, సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చిందంటే, అది వారానికోసారి విజయవాడ వెళ్లి వచ్చిన బండి. ఒక్కో రాకపోకకు ఐదువందల కిలోమీటర్ల పైమాట. హైవే కిలోమీటర్లు ఇంజినుకు చెడ్డవేమీ కావు, సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ నలిగిన బండి కంటే అలాంటిదే నయమని నా అభిప్రాయం. అభ్యంతరమల్లా వాటిని దాచడం మీదే.

ఇక టైర్లు. టైరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లవీ, స్టెప్నీదీ చదివి రాసుకోండి. 2022 నాటి కారు, మీటరు మీద 18,000 కిలోమీటర్లు, నాలుగు టైర్లూ 2025లో తయారైనవి అయితే, పద్దెనిమిది వేలకే అసలు టైర్లు ఎందుకు అరిగాయో చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిది. బ్రేకు పెడల్ రబ్బరు, గేరు నాబ్, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు కుడి అంచు ఎంత అరిగాయో కూడా చూడాలి. పదిహేను వేల కిలోమీటర్లకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు.

నీట మునిగిన కారును ఎలా గుర్తించాలి?

హైదరాబాద్‌లో కొనేవారు ఈ ప్రశ్నను అన్నిటికంటే శ్రద్ధగా తీసుకోవాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి, కార్లు వీధుల్లో కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం మునిగాయి. చెన్నైలో 2015 డిసెంబర్‌లోనూ 2023 డిసెంబర్‌లోనూ వరదలు వచ్చాయి. మునిగిన కారును ఆ ఊళ్లోనే అమ్మితే అందరికీ అనుమానం కాబట్టి, శుభ్రం చేసి మరో ఊరికి తరలిస్తారు. పైన చెప్పిన కాగితం మీద ఈ తేదీలను కూడా రాసుకుని, ఆ రోజుల్లో కారు ఎక్కడ ఉందో, ఆ తర్వాతి నెలల్లో ఏ రిపేర్లు జరిగాయో, అప్పుడే యజమాని మారారేమో చూడండి. వీధి మునగకపోయినా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీరు దిగి అక్కడున్న బండ్లన్నీ నానిపోవడం ఇక్కడ మామూలే. అందుచేత "మా ఏరియాకు వరద రాలేదు" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు.

కారులో మొదట చూడవలసింది సీటు బెల్టు. రోజూ వాడే పొడవు వరకే కాకుండా, బలంగా చివరి దాకా లాగండి. లోపల చుట్టుకొని ఉండే ఆఖరి మూరెడు భాగాన్ని ఎవరూ ఉతకరు. అక్కడ మట్టి చార గాని, అలలా ఎండిన గోధుమరంగు మరక గాని, బూజు వాసన గాని ఉంటే నీరు ఆ ఎత్తు వరకు వచ్చిందన్నమాట. నాలుగు బెల్టులనూ ఇలాగే చూడండి. బెల్టు మీది లేబుల్‌లో తయారైన తేదీ ఉంటే దాన్ని కారు తేదీతో పోల్చండి. బెల్టులన్నీ కారు కంటే కొత్తవైతే, ఎందుకు మార్చారని అడగాలి.

తర్వాత ముందు సీట్లను వెనక్కి జరిపి, కింద ఉన్న పట్టాలనూ బోల్టులనూ టార్చి వేసి చూడండి. తుప్పు ఉన్నా, బోల్టుల తలల మీద స్పానర్ గీతలు ఉన్నా సీట్లు విప్పి కార్పెట్ ఆరబెట్టారేమో. డోర్ రబ్బరు లాగి కార్పెట్ అంచు ఎత్తి, అడుగున ఉన్న స్పాంజిని వేలితో నొక్కండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో సన్నటి ఒండ్రు ఉందేమో చూడండి. డ్యాష్‌బోర్డు కింద వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉంటే అది ఇప్పుడు కాకపోయినా ఆరు నెలలకైనా బాధపెడుతుంది. కొత్త పర్ఫ్యూమ్ ఘాటుగా కొట్టే కారు అద్దాలన్నీ మూసి, పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తీస్తే అసలు వాసన బయటపడుతుంది.

నీళ్లలో స్టార్ట్ చేసిన ఇంజిన్లో మరో ప్రమాదం ఉంది. గాలి వెళ్లే దారిన నీరు సిలిండర్‌లోకి చేరితే, అది గాలిలా అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ కవరు లేకపోతే ఇలాంటి నష్టానికి ఇన్సూరెన్స్ డబ్బు రావడం కష్టం, అందువల్ల చవక రిపేరుతో సరిపెట్టి అమ్మేస్తుంటారు.

రంగు బాగున్న కారు గుద్దుకోలేదని నమ్మవచ్చా?

రంగు చూసి నిర్ణయించలేం. పెయింట్ మందాన్ని కొలిచే చిన్న మీటర్లు ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింటు చాలా కార్లలో సుమారు 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. పుట్టీ పూసి మళ్లీ రంగు వేసినచోట అది కొన్ని వందలకు చేరుతుంది. డోరు మీద గీత పడి రంగు వేయించడం ఈ ఊరి ట్రాఫిక్‌లో అందరికీ తప్పనిదే, దాన్ని పట్టించుకోవలసిన పని లేదు. చూడవలసినవి పిల్లర్లు, రూఫు, బానెట్ కింద రెండు వైపులా ఉండే ఏప్రన్లు. వీటి మీద వెల్డింగు, పుట్టీ, చేత్తో పూసిన సీలెంటు కనిపిస్తే బండి నిర్మాణానికే దెబ్బ తగిలిందని అర్థం. అలాంటి కారును ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే, పేలిన ఎయిర్‌బ్యాగ్‌ను మార్చకుండా లైటును మాత్రం పని చేయకుండా చేసి ఉండవచ్చు.

టోటల్ లాస్ అయిన కారు, దొంగ కారు మళ్లీ అమ్మకానికి వస్తాయా?

వస్తాయి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా తేల్చి, మిగిలిన బండిని వేలంలో అమ్ముతుంది. రిజిస్ట్రేషన్ రద్దు కాకపోతే, ఎవరో దాన్ని బాగు చేసి మామూలు కారులా అమ్మగలరు. ఇంకా ప్రమాదకరమైన పని ఏమిటంటే, ఆ ఆర్‌సీనీ చాసిస్ నంబరునూ అదే మోడల్, అదే రంగు దొంగ కారుకు తగిలించడం.

అందుకే చాసిస్ నంబరును కళ్లతో చదివి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చాలి. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు అందులో వాడరు. మొదటి మూడు తయారీదారును చెబుతాయి: హ్యుందాయ్ అయితే ఎంఏఎల్, మారుతి సుజుకి అయితే ఎంఏ3, టాటా అయితే ఎంఏటీ. అంకెల మధ్య ఎడం ఒకేలా లేకపోయినా, చుట్టూ రుద్దిన గుర్తులు, కొత్త రంగు ఉన్నా వెనుదిరగండి. స్కానర్ పెట్టించుకుంటే చాలా కార్లలో కంప్యూటర్ లోపల ఉన్న నంబరు కూడా కనిపిస్తుంది, అదీ సరిపోవాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్, చాసిస్, ఇంజిన్ నంబర్లు ఇచ్చి, ఆ బండి దొంగతనం కేసుల జాబితాలో ఉందేమో చూసుకోవచ్చు.

పోలీసు కేసు ఉన్న బండిని అమ్మవచ్చా?

ప్రమాదంలో గాని, మరో నేరంలో గాని పోలీసులు స్వాధీనం చేసుకున్న బండిని కోర్టు యజమానికి తాత్కాలికంగా అప్పగించేటప్పుడు, కేసు తేలేవరకు అమ్మకూడదన్న షరతు పెట్టడం సాధారణం. బండి ఇంటి ముందు ఉంటుంది, రంగు మారదు, ఆర్‌సీ చేతిలో ఉంటుంది. అయినా అమ్మే హక్కు ఉండదు. రవాణా శాఖ రికార్డులో బ్లాక్‌లిస్ట్ గడితోపాటు, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో యజమాని పేరుతో కూడా ఒకసారి వెతకండి.

క్యాబ్‌గా తిరిగిన కారును సొంత కారుగా మార్చి అమ్ముతారా?

మార్చడం చట్టబద్ధమే. పర్మిట్ వదులుకుని, పన్ను తేడా కట్టి పసుపు ప్లేటును తెల్ల ప్లేటుగా మార్చుకోవచ్చు. ఆ సంగతి చెప్పి తగిన ధరకు అమ్మితే తప్పు లేదు. చెప్పకపోతే, ఆర్‌సీలోని పాత వివరాలు, ఇన్సూరెన్స్ పాత పాలసీ కమర్షియల్ వాహనానిదా అన్నది బయటపెడతాయి. వెనుక సీటు ముందు సీట్ల కంటే ఎక్కువ నలిగి ఉండడం కూడా ఒక గుర్తు.

ఢిల్లీ కారు చవకగా వస్తోంది, తీసుకోవచ్చా?

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను నడపకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015లలో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది, 2025లో మాత్రం ఆ అమలును కొంత సడలించింది. ఆ గడువు దగ్గరపడిన పెద్ద కార్లు దక్షిణాదికి రావడం మొదలైంది అందుకే. కారు మంచిదే కావచ్చు. గాని అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, అక్కడి చలాన్లు తీరిన రుజువు కావాలి. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. ట్యాక్స్ ఎంతవుతుందో ఆర్టీఏలో ముందే కనుక్కుని ధరకు కలిపితే, చవక అన్న మాట చాలాసార్లు నిలవదు.

ఆర్‌సీలో ఉన్న వ్యక్తి కాకుండా వేరే వారు అమ్ముతుంటే?

యజమాని చనిపోయి ఉంటే, వారసులు ముందు ఫారం 31 ద్వారా తమ పేరు మీదకు మార్చుకుని, ఆ తర్వాత అమ్మాలి. "సంతకం పెట్టిన ఫారం 29, 30 (పేరు మార్పిడి ఫారాలు) ఉన్నాయి, ఓనరు అమెరికాలో ఉన్నారు" అన్న మాట హైదరాబాద్‌లో తరచుగా వినబడుతుంది. వీడియో కాల్‌లో ఆ యజమానితో మాట్లాడి, పాస్‌పోర్టు, ఆర్‌సీ పక్కపక్కన చూపించమనండి, డబ్బును ఆయన ఖాతాకే పంపండి. మధ్యవర్తి ఖాతాకు పంపవద్దు.

డీలర్ దగ్గర కొంటే కూడా ఇవన్నీ చూడాలా?

చూడాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం సెకండ్ హ్యాండ్ బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి, యజమాని బండిని అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. ఆ రెండూ చూపించమని అడగండి. వారి "రెండు వందల పాయింట్ల తనిఖీ" నివేదికను చదవండి గాని, మీ మెకానిక్‌ను తీసుకువెళ్లడం మానకండి. ఆ మెకానిక్ అమ్మేవారు పంపినవారై ఉండకూడదు, ఆ మోడల్ మీద రోజూ పని చేసేవారైతే మరీ మంచిది.

కొన్న తర్వాత గతం బయటపడితే ఏం చేయగలం?

పేరు మార్పిడిని ముందు పూర్తి చేసుకోండి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అప్పటి వరకు థర్డ్ పార్టీ రక్షణ మాత్రమే మీకు వర్తిస్తుంది, మీ కారుకు జరిగే నష్టానికి కాదు.

డీలర్ నిజం దాచి అమ్మితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే అక్కడే విచారిస్తారు. తన సొంత కారును అమ్ముకున్న వ్యక్తి మీద ఆ చట్టం పని చేయదు, సివిల్ కోర్టుకో, మోసం రుజువు చేయగలిగితే పోలీసులకో వెళ్లాలి. ఏ దారిలోనైనా అడిగేది రాతపూర్వక ఆధారమే. అందుచేత ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, మీటరు ఫొటో దాచుకోండి. అమ్మకపు ఒప్పందంలో ఆనాటి కిలోమీటర్లు, కారు నీట మునగలేదని, పెద్ద ప్రమాదానికి గురికాలేదని, దాని మీద అప్పు గాని కేసు గాని లేదని ఒక్కొక్క వాక్యంగా రాయించి, కింద అమ్మేవారి సంతకం, అప్పగించిన తేదీతోపాటు సమయం కూడా వేయించుకోండి.